మొగుడంపల్లి పెండ్లి, రెండో భాగం

ఆ రోజుల్లో మేమంతా మహా ధైర్యవంతులమనీ, ఒకనాటి సాయంత్రం జహీరాబాద్ హైవే పక్కన చేతిలో చెయ్యి వేసుకుని ‘మన కథలు మనమే చెప్పుకుందాం, మన సినిమాలు మనమే తీసుకుందాం’ అని ఒట్టు పెట్టుకున్నామనీ, మా ఆదివారం కూటమి ఆ ఒట్టులోంచే పుట్టిందనీ ఒక కథ తిరుగుతోంది. మా దగ్గరికి కొత్తగా వచ్చిన పిల్లలు హైదరాబాద్‌లో మైకు పట్టుకుని దాన్ని చెబుతుంటే నేను ముందు వరుసలో కూర్చుని వినాల్సి వస్తోంది. పైగా చప్పట్లు కొట్టాల్సి వస్తోంది. ఇక నావల్ల కాదు. ఎవరూ ఏ ఒట్టూ పెట్టుకోలేదు. మా హైవే పక్కన పది నిమిషాలు నిలబడితే ముంబయి లారీల దుమ్ముకు దగ్గు పుడుతుంది తప్ప కూటములు పుట్టవు. మా కూటమి పుట్టింది ఏసీ వల్ల. నిలబడింది మొగుడంపల్లి పెద్దమ్మ వల్ల. మధ్యలో నా తెలివి వల్ల అది మునిగిపోవాల్సింది. ఈ చివరి ముక్క మాత్రం మైకులో ఎవరూ చెప్పరు, నేను ముందు వరుసలో ఉంటాను కాబట్టి. అందుకని నేనే చెబుతున్నాను.

నాకప్పుడు ముప్ఫై రెండేళ్ళు. డిగ్రీ చదివి, రెండు ప్రైవేటు బళ్ళలో హెడ్‌మాస్టర్లతో వాదించి రెండు ఉద్యోగాలూ పోగొట్టుకుని (వాదనల్లో మాత్రం రెండుసార్లూ నేనే గెలిచాను), చివరికి బస్టాండు వెనక ఒక మేడమీద పెళ్ళి వీడియోల మిక్సింగ్ సెంటరు పెట్టాను. ఊళ్ళో ఫోటోగ్రాఫర్లు తాము తీసిన పెళ్ళిళ్ళు తెచ్చి నా ముందు కుమ్మరించేవాళ్ళు. నేను వాటిని కత్తిరించి, అతికించి, పాటలు వేసి, పెళ్ళికొడుకు తల చుట్టూ గులాబీలు తిప్పి, డీవీడీలు చేసి ఇచ్చేదాన్ని. కంప్యూటర్ వేడికి తట్టుకోదని దానికోసం ఏసీ పెట్టించాను. నాకోసం కాదు, నాకు ఫ్యాను చాలు. ఆ రోజుల్లో కంప్యూటర్‌కు ఉన్న మర్యాద మనిషికి లేదు. అయితే ఆ ఏసీ చల్లదనం తలుపు సందులోంచి బయటికి పోయి, ఎండాకాలం ఆదివారాల్లో మనుషుల్ని లోపలికి లాక్కొచ్చేది.

మొదట వచ్చింది ఆపా. అంటే అక్క. పక్క గదిలో జాకెట్లు కుట్టేది. ఆమె మగపిల్లాడిగా పుట్టిందని ఊరు అనేది. తాను ఏనాడూ మగపిల్లాణ్ణి కానని ఆపా అనేది. రెండో మాటే నిజమని, ఆమె కుట్టిన జాకెట్ ఒక్కసారి తొడుక్కున్న ఆడవాళ్ళందరూ ఒప్పుకునేవాళ్ళు. తర్వాత మా టీచర్. సర్కారు బడిలో తెలుగు చెప్పేది, నాతో కలిసి ఉండేది. ఊరివాళ్ళ లెక్కలో మేమిద్దరం దూరపు అక్కచెల్లెళ్ళం. ‘మీకు పోలికలు లేవు గద’ అని ఎవరైనా అంటే ‘నాది మేనత్త పోలిక’ అని టీచర్ చల్లగా జవాబిచ్చేది. ఎవరి మేనత్త అని ఎవరూ అడగలేదు. ఇక మూడోవాడు ట్రాక్టర్. ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో పనిచేస్తాడు కాబట్టి ఆపా పెట్టిన పేరు. ఇరవై నాలుగేళ్ళ కుర్రాడు, మొగుడంపల్లిలో పెద్దమ్మ దగ్గర పెరిగాడు. ఒక ఫోటోగ్రాఫర్ వెంట మా సెంటరుకు వచ్చి, ఆ ఫోటోగ్రాఫర్ వెళ్ళిపోయినా తాను వెళ్ళకుండా, రెండు నెలల పాటు ప్రతి ఆదివారం ఏసీ కింద కూర్చుని ఒక్క మాట మాట్లాడలేదు. క్వియర్ అన్న మాట మాకు అప్పటికి తెలియదు. చట్టం కూడా అప్పటికింకా మా దిక్కు లేదు. మా గురించి మేము ‘మనోళ్ళు’ అనుకునేవాళ్ళం. ట్రాక్టర్ మనోడా కాదా అన్నది రెండు నెలల పాటు మా ముగ్గురి మధ్య చర్చ. మూడో నెలలో ఒక ఆదివారం, ఆపా తాను ఇల్లు విడిచి వచ్చిన కథను (నవ్వించకుండా చెప్పడం ఆమెకు చేతకాదు) చెప్పి ముగించాక, వాడు గొంతు సవరించుకుని, ‘నాది గూడ ఒకటున్నదక్కా’ అన్నాడు.

ఫ్యాక్టరీ బస్సులో ఇద్దరు పక్కపక్కన కూర్చునేవాళ్ళట. ఒకడు రోజూ ఇంటి నుంచి రెండు టిఫిన్ డబ్బాలు తెచ్చేవాడట, ఒకటి తనకు, ఒకటి రెండోవాడికి. ఏడాది తర్వాత రెండోవాణ్ణి ఇంకో షిఫ్టుకు మార్చారట. మొదటివాడు మాత్రం ఇంకా రెండు డబ్బాలే తెస్తున్నాడట. అంతే కథ. ఆపా నా వైపు తిరిగి, ‘వకీలమ్మా, నీ దగ్గర కెమెరా ఉండె, కంప్యూటర్ ఉండె. ఊరందరి పెండ్లిళ్ళు కుడుతవు. మనోళ్ళది ఒక్కటి కుట్టరాదా?’ అంది. (వకీలమ్మ అంటే నేనే. లా చదవలేదు. ఆ పేరుకు చదువుతో సంబంధం లేదు.)

నేను వెంటనే ఒక పాత శుభలేఖ వెనక నియమాలు రాశాను. ఒకటి: కథ ఎవరిదో, దాని మీద ఆఖరి మాట వాళ్ళది. రెండు: ఒకరు చెబుతుంటే ఇంకొకరు వాదించకూడదు. రెండో నియమాన్ని రాసిన పది నిమిషాల్లో నేనే తప్పాను. ట్రాక్టర్ అడిగింది మాత్రం ఒక్కటే. ‘మొకం పడొద్దక్కా. నా మొకం పడితే నేను ఇంటికి పోలేను.’ పెద్దమ్మ ఇల్లు తప్ప వాడికి ఇంకో ఇల్లు లేదు. కాబట్టి సినిమా మొత్తం చేతులతోనే తీశాం. మెకానిక్ దగ్గర్నుంచి ఒక పాత బస్సు సీటు తెచ్చి మేడమీద వేసి, దాని మీద రెండు డబ్బాలు, రెండు జతల చేతులు. ఒక జత ట్రాక్టర్‌వి. రెండో జతకు మగవాళ్ళెవరూ దొరక్క, మా టీచర్‌కు పొడుగుచేతుల చొక్కా తొడిగి, మగవాళ్ళ గడియారం పెట్టి కూర్చోబెట్టాం. ‘పదిహేనేండ్ల సర్వీసులో ఇసువంటి డ్యూటీ ఎన్నడు చెయ్యలే’ అని గొణుగుతూనే చేసింది. జాగ్రత్తల విషయంలో నేను పోలీసుల్ని మించిపోయాను. ఫ్యాక్టరీ చొక్కా జేబు మీది అక్షరాలు విప్పించాను. చెప్పులు మార్పించాను. వాడి గొంతు బదులు ఆపా గొంతు పెట్టాను. చేతి మీది పుట్టుమచ్చను కూడా పౌడరుతో కప్పాను. ఈ సినిమాలో ఉన్నది ఎవరో కన్నతల్లి కూడా పోల్చుకోలేదని నేను ఛాతీ విరుచుకుని చెప్పాను.

దాచడంలో కూడా నా తెలివి చూపించాను. సెంటరుకు ఫోటోగ్రాఫర్లు వస్తారు, కంప్యూటర్‌లో వేలు పెడతారు. అందుకని ఆ సినిమాకు ఎవరూ తెరవని పేరు ఒకటి వెతికాను. సరిగ్గా అప్పుడే ట్రాక్టర్ వాళ్ళ పెద్దమ్మ చిన్నకొడుకు పెళ్ళి వీడియో నా దగ్గర మిక్సింగ్‌లో ఉంది (ఆ గిరాకీ తెచ్చింది కూడా ట్రాక్టరే). దాని పేరు ‘మొగుడంపల్లి పెండ్లి, మొదటి భాగం’. మా సినిమాకు ‘మొగుడంపల్లి పెండ్లి, రెండో భాగం’ అని పెట్టాను. పెళ్ళి వీడియోలో రెండో భాగాన్ని పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ కూడా చూడరు. ఇంతకన్నా భద్రమైన చోటు లోకంలో లేదని మా టీచర్‌తో అరగంట వాదించి ఒప్పించాను. అసలు పెళ్ళి రెండో భాగాన్ని ‘మొగుడంపల్లి, ఆఖరుది’ అన్న పేరుతో పక్కన పెట్టాను.

మా వైపు ఒక ఆచారం ఉంది. డీవీడీ ఇచ్చేముందు పెళ్ళివాళ్ళు సెంటరుకు వచ్చి ఒకసారి మిక్సింగ్ చూసుకుంటారు. ఒక్కరు రారు, ఆటో నిండా వస్తారు. ప్లాస్టిక్ కుర్చీల్లో వరసగా కూర్చుని, నా చేతికింద ఉన్నది తమ కుటుంబ చరిత్ర కాబట్టి, తప్పులు చెబుతారు. మా ఆడబిడ్డ మొకం నల్లగ పడ్డది, తెల్లగ చెయ్యి. ఆ వంకర మొకమామెను తీసెయ్యి, ఆమె మాతోని మాట్లాడతలేదు. కట్నాలు చదివేకాడ పాట ఆపు, ఎవలెవలు పెట్టిన్రో వినపడాలె. ఇలాంటివన్నీ నేను తలవంచుకుని రాసుకోవాలి. (తలవంచుకునేదాన్ని కాదు. వాదించేదాన్ని. అందుకే నా దగ్గర ఒక్కో పెళ్ళి చూసుకోవడానికి మూడు గంటలు పట్టేది.)

మొగుడంపల్లి వాళ్ళు సోమవారం వస్తామన్నారు. ఆదివారం వచ్చారు. మేం నలుగురం గదిలో ఉన్నాం. మెట్ల మీద చప్పుడైంది. ముందు పెద్దమ్మ, వెనక ఆమె పెద్దకోడలు, ఆ వెనక పెద్దమ్మ తమ్ముడు, అంటే పెళ్ళికొడుకు మేనమామ, ఇంకో ముగ్గురు నలుగురు. పెద్దమ్మ పొట్టి మనిషి. గదిలోకి వస్తే మాత్రం గది చిన్నదయ్యేది. ట్రాక్టర్‌ను చూసి, ‘నువ్విక్కడ్నే ఉన్నవా? మంచిగైంది, కుర్చీలెయ్యి’ అంది. ఆపా పైట సర్దుకుని మూలకు జరిగింది. టీచర్ పేపరు విప్పి ముఖానికి అడ్డం పెట్టుకుంది. నేను మొదటి భాగం వేశాను.

గంటసేపు అంతా సవ్యంగా జరిగింది. అప్పుడు మేనమామ లేచాడు.

‘నేనేడ ఉన్న?’

‘ఉన్నరు’ అన్నాను.

‘లేను. పెండ్లికొడుకుకు బాసింగం కట్టింది నేను. చెయ్యి పడ్డది, నేను పడలే.’

‘మీరే కెమెరాకు వీపు పెట్టి నిలవడ్డరు. వీపు పడ్డది చూడుండ్రి. అంత వీపు ఇంకెవలికున్నది?’

‘మేనమామ లేని పెండ్లేందమ్మా!’ అని ఆయన.

‘ఉన్నరంటే ఉన్నరు. రెండో భాగంల బంతి కాడ ఉన్నరు. బూంది మూడోసారి ఏపిచ్చుకుంటున్నరు, మూడుసార్లు పడ్డరు. చూపియ్యమంటరా?’

‘చూపియ్యి!’

ఆ క్షణంలో నేనేం చేశానో దేవుడికి తెలుసు, నాకూ తెలుసు. మేనమామ కళ్ళలోంచి చూపు తిప్పితే వాదన ఓడిపోయినట్టేనని, తెర వైపు చూడకుండానే, రెండో భాగం అని పెద్దగా అంటూ, రెండో భాగం నొక్కాను. నా మెదడు మాట్లాడడంలో ఉంది. చెయ్యి చదవడంలో ఉంది. చెయ్యి అక్షరం పొల్లుపోకుండా చదివింది.

తెర మీద నల్లగా అయింది. ‘రెండు డబ్బాలు’ అని పేరు పడింది. బస్సు సీటు, చేతులు, డబ్బాలు.

నేను ఆపబోయాను. పెద్దమ్మ నా మణికట్టు పట్టుకుంది. జొన్నరొట్టెలు కొట్టీ కొట్టీ గట్టిపడ్డ చెయ్యి అది. పట్టుకున్నాక మనం విడిపించుకునేది ఉండదు.

‘ఉండు. ఇదెవలింటిది?’

‘శాంపిలు పెద్దమ్మా... వేరేవాళ్ళది... నేర్చుకునేటందుకు తీసింది...’ అన్నాను. నా జీవితంలో అంత నీరసంగా నేనెన్నడూ మాట్లాడలేదు.

‘ఇండ్ల గూడ నేను లేను’ అన్నాడు మేనమామ.

‘మొకాలేవి?’ అంది పెద్దకోడలు. ‘కెమెరా ఆయన పొట్టోడా, అన్ని చేతులే పడుతున్నయి?’

ఏసీ కింద నిలబడ్డ ట్రాక్టర్‌ను చూశాను. చెమటతో చొక్కా తడిసిపోయింది. ఆపా మూలలోంచి గట్టిగా దగ్గడం మొదలుపెట్టింది, ఎవరైనా తనవైపు చూస్తారేమోనని. ఎవరూ చూడలేదు. టీచర్ పేపరు తలకిందులుగా ఉంది. పర్వాలేదు, మొహం పడలేదు, గొంతు వాడిది కాదు, పుట్టుమచ్చ మీద పౌడరుంది అని నాకు నేను చెప్పుకుంటున్నాను. అప్పుడు తెర నిండా డబ్బా మూత వచ్చింది. నేను ఎంతో ముచ్చటపడి తీసిన షాట్ అది. స్టీలు మూత, దాని మీద ఎండ.

పెద్దమ్మ నా చెయ్యి వదిలేసి కుర్చీలో ముందుకు జరిగింది.

‘నా డబ్బా!’

మూత మీద, చుక్కలు చుక్కలుగా, అంత పెద్ద అక్షరాలతో పెద్దమ్మ పేరు. ఇంటిపేరుతో సహా. ఊరి పేరు కూడా ఉంది. మా వైపు స్టీలు సామాను కొంటే పేరు కొట్టించకుండా ఇంటికి తీసుకుపోరు. ఆ షాట్‌ను మేము నలుగురం మిక్సింగ్‌లో కనీసం వందసార్లు చూశాం. పుట్టుమచ్చను వెతికిన మనుషులం, ఆ పేరు ఒక్కసారీ చదవలేదు. డబ్బా మీద పేరు లేకపోతే కనబడుతుంది గాని, ఉంటే ఎవరికి కనబడుతుంది? పెద్దమ్మకు చదువు రాదు. లోకంలో ఆమె చదవగలిగింది ఆ ఒక్క పేరే. ఇంట్లో ప్రతి గిన్నె మీదా అదే ఉంటుంది కాబట్టి.

అయిపోయింది అనుకున్నాను. పెద్దకోడలు మెరుపులా లేచి నిలబడింది.

‘చూసిన్రా అత్తమ్మా! ఆర్నెల్లు తిట్టిన్రు నన్ను. ఆ డబ్బా మా తల్లిగారింటికి పంపిన్నని పదిమందిల అన్నరు. నా మీద నింద మోపిన్రు. ఇగో, ఏడున్నదో చూడుండ్రి!’

‘నువ్వాగు’ అంది పెద్దమ్మ. ఆమె ట్రాక్టర్ వైపు తిరిగింది. ‘డబ్బా నువ్వు తీస్కపోయినవా?’

వాడు తలూపాడు.

‘రెండు డబ్బాలా?’

మళ్ళీ తలూపాడు.

‘అందుకేనా రోజు ఎనిమిది రొట్టెలు కట్టిచ్చుకుంటివి! కడుపుల పురుగులు వడ్డయని నేను పరేషానై, దవాఖానకెళ్ళి గోలీలు తెచ్చిన గదరా! మింగినవా అవి?’

‘మింగిన పెద్దమ్మా’ అన్నాడు ట్రాక్టర్. ‘నువ్వు ఎదురుంగ నిలవడితివి.’

ఎవరూ నవ్వలేదు. నవ్వాల్సింది. ఇప్పుడు తలుచుకుంటే నాకు కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వొస్తుంది. 

‘రెండోది ఎవలికి?’ అంది పెద్దమ్మ.

‘దోస్తుకు.’

‘ఏ ఊరు?’

‘బీదర్.’

‘పని చేస్తడా?’

‘మా లైన్లనే చేసెటోడు. ఇప్పుడు వేరే షిఫ్టుకు ఏసిన్రు.’

‘అమ్మ నాయినున్నరా?’

‘అమ్మ లేదు.’

పెద్దమ్మ కుర్చీని వాడి వైపు జరుపుకుంది. తర్వాత, ‘మన ఎర్రకారం తొక్కు తింటడా?’ అంది.

‘అదుంటేనే తింటడు.’

ఆమె తెర వైపు తిరిగింది. అప్పటికి సినిమా ఆఖరుకు వచ్చింది. ఖాళీ సీటు మీద మూత తియ్యని రెండో డబ్బా, మెల్లగా నల్లబడే తెర. ఆ నల్లబడడం మీద నేను రెండు రోజులు పనిచేశాను.

‘అయిపాయెనా?’

‘అయిపోయింది.’

‘గిదేం అయిపోవుడు?’ అంది పెద్దమ్మ, సరిగ్గా తన కొడుకు పెళ్ళి వీడియోను చూసి అన్నట్టే, అదే కుర్చీలో, అదే గొంతుతో. ‘రాసుకో బిడ్డా. ఆ రెండో చెయ్యి ఆడామెది. మొగోడు రొట్టెను అట్ల తుంపడు, ఒక్క గుంజుడుకు సగం చేస్తడు. అసలోన్ని తీస్కరాండ్రి.’ (టీచర్ తన కుడి చేతిని పేపరు కిందికి దాచుకుంది.) ‘డబ్బా మూత తియ్యాలె. అండ్ల ఏమున్నదో చూపెట్టకుంటే ఎట్ల? మరి మొకాలు పెట్టు. మొకం లేకుంటే ఎవలి కడుపు నిండిందో, ఎవలిది మాడిందో ఎట్ల తెల్వాలె?’

నేను ఊరుకోవాల్సింది. ఊరుకోలేదు. ముఖం లేకపోవడమే ఈ సినిమాకు అందమని, మూత తియ్యకపోవడంలోనే అర్థమంతా ఉందని, అర్థమయ్యేవాళ్ళకు అర్థమైతదని, డిగ్రీలో చదివినవీ చదవనివీ అన్నీ కలిపి ఐదు నిమిషాలు చెప్పాను.

పెద్దమ్మ ఓపికగా విన్నది. ‘అర్థమయ్యెటోళ్ళకు నువ్వు చూపెట్టుడెందుకు? కానోళ్ళకు గద చూపెట్టాలె’ అంది.

ఆ మాటకు నా నోరు మూతపడడాన్ని మా టీచర్ పేపరు అంచు మీదుగా చూసింది. ఇప్పటికీ పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో, నేను మరీ రెచ్చిపోయిన ప్రతిచోటా మెల్లగా నా చెవిలో ఆ వాక్యం అప్పజెబుతుంది. పెద్దమ్మ లేచి, తన తమ్ముణ్ణి వీడియోలో కనీసం నాలుగుసార్లు పెట్టమని చెప్పి (పెట్టాను, గులాబీలతో సహా), అందర్నీ ఆటో ఎక్కించుకుని వెళ్ళిపోయింది. పోతూ ట్రాక్టర్‌తో, ‘జల్ది రా’ అంది. ఆ రెండు మాటల్లో ఏముందో మేము సాయంత్రం దాకా విప్పి చూసుకున్నాం. కోపమా, మామూలుగా అన్నదా? వాడు కుర్చీలోంచి లేవడు. ‘పోతే ఏమంటదోనక్కా’ అంటాడు. ఆఖరికి ఆపా, ‘ఫికర్ జెయ్యకురా. ఆమె ఏమన్నా అంటే నా దగ్గరికి రా. ఒక్క మిషిన్ పక్కకు జరిపితే నీకు పక్క పడుతది’ అని ఆటో దాకా తీసుకెళ్ళింది.

సోమవారం వాడి నుంచి ఫోను రాలేదు. మంగళవారం మేము చేస్తే కలవలేదు. శుక్రవారానికి నాకు నిద్ర పట్టడం మానేసింది. ఊళ్ళో అందరి పెళ్ళిళ్ళూ అందంగా కుట్టిచ్చేదాన్ని, ఒక పిల్లవాడి ఇంటిని ఒక్క నొక్కుడుతో కూల్చేశానని అనిపించింది. కంప్యూటర్ ముందు కూర్చుని ఆ సినిమాను చెరిపేద్దామని వేలు పెట్టాను. ఆపా వెనక నుంచి వచ్చి కుర్చీనే లాగేసింది. ‘నీది గాదు వకీలమ్మా, వానిది. చెరిపేది గూడ వాడే. కాయితం మీద రాసింది నువ్వే గద?’ అంది. నేను రాసిన నియమాన్ని ఇంకొకరు పాటిస్తే నాకు ఎంత కోపం వస్తుందో అప్పుడే తెలిసింది.

ఆదివారం పన్నెండింటికి ట్రాక్టర్ వచ్చాడు. ఫోను నీళ్ళ తొట్టిలో పడిందట. మేం ముగ్గురం వాడి మీద పడ్డాం.

‘ఇంటికి పోయినంక ఏమన్నది?’

‘తిన్నవా అన్నది.’

‘తర్వాత?’

‘డబ్బాలు తోమి పెట్టమన్నది.’

‘వారం నుంచి ఇంకేమనలేదా?’

‘నిన్న అడిగిందక్కా. మల్ల ఎప్పుడు తీస్తరట అని. రొట్టెలు ఆమెనే చేస్తదట. మనం తీసినయి ఎండి అట్టల లెక్క కొడుతున్నయట, చూస్తే ఆమెకు సిగ్గయ్యిందట.’

టీచర్ పకపకా నవ్వింది. ఆపా వాడి వీపు మీద ఒకటి వేసి, కళ్ళు తుడుచుకుంది. నేను మాత్రం రొట్టెలు ఎండినట్టు కనబడడానికి కారణం లైటింగ్ అని చెప్పబోయి, వాళ్ళ ముఖాలు చూసి మానుకున్నాను. మెల్లగా ట్రాక్టర్‌ను అడిగాను, మొహం పెట్టాలని నీకుందా, లేక ఆమె చెప్పిందనా అని. వాడు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ‘ఇంట్ల తెల్వొద్దని గదక్కా నేను దాచింది. ఇంట్లోళ్ళే పెట్టమంటే ఇంక ఎవలికి దాచాలె?’ అన్నాడు.

రెండోసారి మొగుడంపల్లిలోనే తీశాం, పెద్దమ్మ వాళ్ళ ఇంటి వెనకున్న అల్లం చేను గట్టు మీద. బస్సు సీటును ఆటో మీద కట్టుకుపోతుంటే చిరాగ్‌పల్లి దగ్గర నలుగురు ఆపి అమ్ముతారా అని అడిగారు. బీదర్ నుంచి అసలువాడు బస్సు దిగి వచ్చాడు. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ తప్పు చేసినవాడిలా మెడ వంచుకుని నడిచే కుర్రాడు. ‘నమస్కార్రీ అమ్మా’ అని పెద్దమ్మకు దండం పెట్టాడు. ఆమె వాణ్ణి కిందినుంచి పైదాకా, సంతలో ఎద్దును చూసినట్టు చూసింది. ‘ఇంత బక్కగున్నడు. ఎనిమిది రొట్టెలు ఏడ వోయినయి?’ అంది. అంతకుమించి వాడితో ఏమీ మాట్లాడలేదు. ఇంట్లోకి పోయి, రెండు డబ్బాలు కట్టి తెచ్చి, సీటు మీద పెట్టి, నా కెమెరాలో పడకుండా పక్కకు జరిగి నిలబడింది.

మేము రాసుకున్న ప్రకారం రెండోవాడు మూత తీస్తాడు, లోపల రొట్టె, కూర, తొక్కు ఉంటాయి, ఇద్దరూ తింటారు. వాడు మూత తీశాడు. పైన రొట్టెలున్నాయి. రొట్టెలు జరిపితే కింద, నెయ్యి కారుతూ, ఒక మలీద ముద్ద. రొట్టెను బెల్లంతో నలిపి చేసే ఆ ముద్ద మేమెవరమూ అడగలేదు. మేము రాసుకున్నదాంట్లో లేదు. వాడు దాన్ని చూసి ఏం చెయ్యాలో తెలియక ట్రాక్టర్ వైపు చూశాడు. ట్రాక్టర్ తన డబ్బా తీసి చూశాడు. అందులో లేదు. ఆ తర్వాత ఆ ఇద్దరి ముఖాల్లో వచ్చినది ఏమిటో చెప్పడానికి నా దగ్గర మాటలున్నాయి. నా దగ్గర ఎప్పుడూ ఉంటాయి. కాని ఆరోజు కట్ చెప్పడం మరిచిపోయి నిలబడ్డాను. కెమెరా తిరుగుతూనే ఉంది. సినిమా ఇప్పటికీ అక్కడే ముగుస్తుంది. తెర నల్లబడదు. ఇద్దరు తింటుంటారు, అంతే.

దాన్ని మొదట మా సెంటరులోనే వేశాం. పదకొండుమంది వచ్చారు, ఏసీ చేతులెత్తేసింది. నారాయణఖేడ్ నుంచి ఒకమ్మాయి, బీదర్ కుర్రాడి వెంట ఇద్దరు, ఎవరికీ చెప్పకుండా వచ్చి ఎవరికీ చెప్పకుండా పోయినవాళ్ళు కొందరు. పోయినవాళ్ళలో సగం మంది మరుసటి ఆదివారం తమ కథతో తిరిగొచ్చారు. ఇప్పుడు ఆ మేడ సరిపోక రెండు గదులు కలిపేసుకున్నాం. ఆపా మిషన్లు ఒక మూల, పిల్లల కెమెరాలు ఒక మూల. ఇప్పటికీ ఏ సినిమా అయినా బయటికి పోయేముందు, తీసినవాళ్ళు సరేనంటే, వాళ్ళింటి మనిషినో పక్కింటి మనిషినో ఒక పెద్దావిడను పిలిచి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి చూపిస్తాం. ఆమె చెప్పిన తప్పులు రాసుకుంటాం. హైదరాబాద్‌లో పెద్ద పెద్దవాళ్ళు దీనికేదో పేరు చెప్పారు. మేము మాత్రం మిక్సింగ్ చూపించడం అంటాం. కొత్త పిల్లలు మొదట ముఖం చిట్లిస్తారు. వాళ్ళ ముఖాల్లో నాకు అప్పటి నేను కనబడతాను, పుట్టుమచ్చకు పౌడరు రాసి లోకాన్నే మోసం చేశాననుకున్న ఆ ముప్ఫై రెండేళ్ళ తెలివిగల మనిషి. ఆమె మీద ఇప్పుడు నాకు కోపం రాదు. పక్కన కూర్చోబెట్టుకుని ఇంత అన్నం పెట్టాలనిపిస్తుంది.

ఒక్కటి మాత్రం నన్ను వదలడం లేదు. ఆ తర్వాత చాలా రోజులకు పెద్దకోడలు ఏదో పనిమీద సెంటరుకు వచ్చినప్పుడు మాటల్లో మలీద సంగతి ఎత్తాను. ‘మా అత్తమ్మ మలీద ఊకె చెయ్యదక్కా. పండుగకు చేస్తది. లేకుంటే ఇంటికి కొత్త మనిషి ఒచ్చిన నాడు చేస్తది’ అని, తాను ఏమన్నదో తనకే తెలియనట్టు మెట్లు దిగి వెళ్ళిపోయింది. ఆనాడు ఏ పండుగా లేదు. నేను క్యాలెండరు తిరగేసి చూశాను. పెద్దమ్మ ఇప్పటికీ గట్టిగానే ఉంది. దసరాకు ట్రాక్టరూ బీదర్ కుర్రాడూ ఆ ఇంటికే పోతారు. ఇద్దరికీ కలిపి ఒకటే తిట్టు తిడుతుంది. నేనూ ఏడాదికి రెండుసార్లు పోతాను. హెడ్‌మాస్టర్లతో, ఫోటోగ్రాఫర్లతో, ఒకసారి తహసీల్దారుతో కూడా వాదించిన నోరు ఇది. ఆ గుమ్మం ఎక్కగానే మాత్రం, ఎన్ని ఊళ్ళ మీదుగా మోసుకొచ్చినా, ఆ ఒక్క ప్రశ్న గొంతు దాటి రాదు.

పెద్దమ్మా, ఆ మలీద కెమెరా కోసం చేసినవా, ఆ పిల్లగాని కోసం చేసినవా?